లండన్ కెనాల్ మ్యూజియం: టికెట్ మంచు బావికి, కాలవ గట్టు ఉచితం

కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో దిగిన మనవాళ్ళు చాలామంది, హ్యారీ పోటర్ కథలోలా సగం ట్రాలీ గోడలోకి దూరినట్టుండే చోట ఫొటో కోసం క్యూ కట్టి, అది అయ్యాక బ్రిటిష్ మ్యూజియం దారి పడతారు. ఆ క్యూకి పది నిమిషాల నడకలో, న్యూ వార్ఫ్ రోడ్డు 12–13 నంబర్లలో, ఒక పాత ఇటుకల గోదాం ఉంది. రీజెంట్స్ కెనాల్ అనే రెండు వందల ఏళ్ళ నాటి కాలవ గురించి చెప్పే మ్యూజియం అందులోనే. 1992లో తెరిచారు. రెండే అంతస్తులు. రోజంతా తిరగొచ్చనుకుని వెళ్తే గంటన్నరలో బయటపడి "ఇంతేనా" అంటారు.

కాబట్టి ముందే చెప్పాల్సిన మాట: దీన్ని ఒక భవనంగా లెక్కేయకండి. లోపల గంటన్నర, బయట కాలవ గట్టు మీద రెండు మూడు గంటలు, రెండూ కలిపితేనే పూర్తి మ్యూజియం. లోపల చూడకుండా గట్టు మీద నడిస్తే అది కాఫీ షాపుల పక్కన పారని నీళ్ళు. గట్టు నడవకుండా లోపలే చూస్తే గాజు బీరువాల్లో పాత సామాను.

దారి తేలిక. స్టేషన్‌కి తూర్పు పక్కన యార్క్ వే మీద ఉత్తరంగా నడిచి, కుడివైపు వార్ఫ్‌డేల్ రోడ్డులోకి తిరిగి, అక్కణ్ణించి ఎడమకి మళ్ళితే న్యూ వార్ఫ్ రోడ్డు. సోమవారాలు మామూలుగా మూసి ఉంటుంది. మిగతా రోజుల వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోవాలి. నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ, పనిచేసేవాళ్ళలో వాలంటీర్లే ఎక్కువ. ఇలాంటి చోట లాభం ఏంటంటే, ఒక ప్రశ్న అడిగితే పది జవాబులు వస్తాయి. కౌంటర్ దగ్గర మొహమాటపడకండి.

నేలలో ఉన్న గొయ్యి

కింది అంతస్తులో నేల మధ్య గుండ్రంగా ఒక పెద్ద గొయ్యి, చుట్టూ అడ్డు, లోపల ఇటుకల గోడ, కింద దీపాలు. చాలామంది తొంగిచూసి, ఫోన్‌తో ఒక ఫొటో తీసి, పక్కనున్న పడవ వైపు వెళ్ళిపోతారు. పెట్టిన టికెట్ డబ్బుకి అసలు సరుకు మాత్రం ఆ గొయ్యే. పక్కన కనీసం పావుగంట నిలబడాలి.

అది మంచు బావి. 1860ల మొదట్లో కట్టిన ఈ భవనం పడవల కోసం కట్టింది కాదు, మంచు నిల్వ కోసం. కట్టించినవాడు కార్లో గాటీ. స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే టిచీనో ప్రాంతం నుంచి 1847లో లండన్ వచ్చి, తినుబండారాలు అమ్ముకుంటూ మొదలుపెట్టి, ఐస్‌క్రీమ్‌ని సామాన్యుడి నోటికి అందించి, చివరికి నగరంలో పెద్ద మంచు వ్యాపారి అయ్యాడు. ఇక్కడ రెండు బావులున్నాయి. ఒక్కోటి సుమారు 10 మీటర్ల వ్యాసం, మొదట్లో 12 మీటర్ల పైచిలుకు లోతు. మన ఊళ్ళలో దిగుడు బావి ఎంత పెద్దదైనా ఈ వెడల్పు అరుదు. లెక్కేస్తే ఒక్కో బావిలో దాదాపు వెయ్యి ఘనపు మీటర్ల చోటు.

ఫ్రిజ్ లేని కాలంలో మంచు నెలల తరబడి ఎలా నిలిచేదన్నది అందరూ అడిగే ప్రశ్న. జవాబు చలిలో లేదు, లెక్కలో ఉంది. మంచు కరిగేది పైపొర నుంచి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న దిమ్మల్ని విడివిడిగా బయటపెడితే ఘనపు మీటరు మంచుకి దాదాపు 20 చదరపు మీటర్ల ఉపరితలం గాలికి తగులుతుంది. అవే దిమ్మలు బావి నిండా పేర్చితే ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దవుతాయి. అప్పుడు ఘనపు మీటరుకి వేడి తగిలేది అర చదరపు మీటరు చిల్లర. అంటే ముప్ఫై అయిదు రెట్లు తక్కువ. దానికి తోడు చుట్టూ మట్టి. భూమిలో అంత లోతున ఎండాకాలం వేడి నెమ్మదిగా దిగుతుంది. మంచు బావులకి అసలు శత్రువు గాలి కాదు, అడుగున నిలిచే కరిగిన నీళ్ళు. నీళ్ళలో మునిగిన మంచు గాలిలో ఉన్నదానికంటే చాలా తొందరగా కరుగుతుంది. అందుకే మంచు బావి కట్టేవాడికి గోడ కన్నా అడుగున నీళ్ళు పోయే దారే ముఖ్యం. ఐస్‌బాక్స్‌లో చేపలు తెచ్చేవాళ్ళు అడుగు బెజ్జం తెరిచి పెట్టేదీ ఇందుకే.

ఒక నిరాశ ముందే చెప్పాలి. మామూలు రోజుల్లో బావిని పైనుంచి చూడటమే. కిందికి దిగనిచ్చేది ఏడాదిలో కొద్ది రోజులే, అదీ ముందుగా ప్రకటించి. దిగాలని ఉంటే ప్రయాణాన్ని ఆ తేదీకి సర్దుకోవాలి. లేకపోతే పైనుంచే చూసి, లోతుని మనసులో కొలుచుకోవాలి. మూడంతస్తుల ఇంటికన్నా ఎక్కువే.

మంచు వచ్చిన దారి

కాలవ ఎందుకు కావాల్సొచ్చిందో ఈ బావి ఒక్కటే చాలు చెప్పడానికి. గాటీ మొదట్లో ఈ కాలవ మీద గడ్డకట్టిన మంచునే కోసి అమ్మడానికి కాలవ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. లండన్ చలిని నమ్ముకుని వ్యాపారం చెయ్యలేం. ఒక ఏడు గడ్డకడుతుంది, మరో ఏడు కట్టదు. పైగా పడవల్లో బొగ్గు పోయే నీళ్ళు. అందుకే నార్వే చెరువుల మంచు మీద పడ్డాడు. ఈ ఆలోచన అతనితో పుట్టింది కాదు, విలియం లెఫ్ట్‌విచ్ అనే ఆయన 1822లోనే నార్వే మంచు లండన్‌కి దింపాడు. గాటీ దాన్ని పెద్దెత్తున చేశాడు.

దిమ్మలు ఓడల్లో థేమ్స్ నది ఒడ్డున లైమ్‌హౌస్ రేవుకి చేరేవి. అక్కడ బార్జీలనే సరుకు పడవల్లోకి మార్చి కాలవలోకి తోలేవాళ్ళు. నది నుంచి ఊళ్ళోకి రావడమంటే ఎక్కడమే. కమర్షియల్ రోడ్, సామన్ లేన్, జాన్సన్స్, మైల్ ఎండ్, ఓల్డ్ ఫోర్డ్, యాక్టన్స్, స్టర్ట్స్, సిటీ రోడ్: మొత్తం ఎనిమిది లాకులు, అంటే నీళ్ళు నింపి పడవని పై మట్టానికి ఎత్తే తలుపుల గదులు. ఆ తర్వాత 878 మీటర్ల ఇజ్లింగ్టన్ సొరంగం. అది దాటాక ఎడమ చేతి పక్కన బ్యాటిల్‌బ్రిడ్జ్ బేసిన్. బేసిన్ అంటే పడవలు ఆగే నీళ్ళ తొట్టి, దాని గట్టునే ఈ గోదాం వెనక గోడ. పడవలోంచి తీసిన దిమ్మ నేరుగా బావిలోకే. మళ్ళీ ఇక్కణ్ణించి గుర్రపు బళ్ళ మీద చేపల కొట్లకి, మాంసం దుకాణాలకి, ఆసుపత్రులకి. బళ్ళ మీద నది నుంచి తెచ్చి ఉంటే గతుకుల రాళ్ళ రోడ్ల మీద కుదుపులకి దిమ్మలు పగిలి, పగిలిన ప్రతి ముక్కకీ ఉపరితలం పెరిగి, సగం దారిలోనే నీళ్ళయ్యేవి. పైగా రోడ్డు మీద ఒక గుర్రం లాగే బరువు ఒకటి రెండు టన్నులైతే, నీటి మీద అదే గుర్రం 30 టన్నుల పడవ లాగుతుంది.

ఐస్‌క్రీమ్ బీరువా దగ్గర ఒక చిన్న మందపాటి గాజు గ్లాసు వెతకండి. పేరు పెన్నీ లిక్. గ్లాసు పైకి చూస్తే నిండుగా ఉంటుంది, లోపల గుంట మాత్రం చెంచాడు. మందపాటి గాజు పెట్టిందే సరుకు ఎక్కువ కనిపించడానికి. ఒక పెన్నీ ఇచ్చి, నాకి, గ్లాసు తిరిగిచ్చేయాలి. బండివాడు దాన్ని గుడ్డతో తుడిచి తర్వాతి మనిషికి అదే గ్లాసులో వేసిచ్చేవాడు. రోగాలు అంటుతున్నాయని 1899లో లండన్‌లో దీన్ని నిషేధించారు. గ్లాసు కిందనుంచి, పక్కనుంచి కూడా చూడండి, మోసం పక్కనుంచే తెలుస్తుంది.

పడవ గది, పై అంతస్తు

కింది అంతస్తులోనే ఒక నారోబోట్ గది ఉంది, లోపల కూర్చోవచ్చు. నారోబోట్ అంటే సుమారు 2.1 మీటర్ల వెడల్పు, 21 మీటర్ల దాకా పొడవు. అంత పొడవున్నా మనుషులకి దక్కేది వెనక మూడు మీటర్ల గది ఒక్కటే, మిగతాదంతా సరుకు. ఆ మూడు మీటర్లలో పొయ్యి, అల్మరా, పక్క, మొగుడూ పెళ్ళాం, పిల్లలు. అల్మరా తలుపు కిందికి వాల్చితే భోజనాల బల్ల, ఇంకో తలుపు వాల్చితే అడ్డంగా మంచం. మడిస్తే నడిచే దారి. గోడల మీద గులాబీలు, కోటల బొమ్మలు, అంచుకి లేసులాంటి బెజ్జాలున్న పింగాణీ పళ్ళేలు. ఇదంతా చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి ఒక సంగతి మర్చిపోతారు: ఇరుకు ఎంత ఘోరంగా ఉండేదంటే, పడవల్ని నివాసాలుగా రిజిస్టర్ చేసి ఎంతమంది ఉండాలో నిర్ణయించడానికి 1877లో, మళ్ళీ 1884లో చట్టాలు చెయ్యాల్సొచ్చింది. గదిలోకి ఇద్దరే వెళ్ళి కూర్చుని, మరో నలుగురున్నారని ఊహించుకుంటే చట్టం ఎందుకో తెలుస్తుంది. పొడుగువాళ్ళు తల జాగ్రత్త.

పై అంతస్తు కొంచెం చదువు ఎక్కువ. బోర్డులన్నీ వరసగా చదవబోతే అలిసిపోతారు. మంచు వ్యాపారం పోయాక, 20వ శతాబ్దం మొదట్లో, ఈ అంతస్తులో గుర్రాల్ని కట్టేవాళ్ళు. గుర్రాలు మేడ మీద ఉండటం వింతే, కానీ లండన్‌లో స్థలం ఖరీదు అప్పుడే అలా ఉండేది. వాటి కోసం ఏటవాలు దారి కట్టారు.

కాలవ చరిత్రలో మూడు ముక్కలు పట్టుకుంటే చాలు. ఒకటి డబ్బు. ఈ కాలవ 1802లో ప్రతిపాదించింది థామస్ హోమర్ అనే పడవల వ్యాపారి. 1812లో పార్లమెంటు చట్టం అయింది, వాస్తుశిల్పి జాన్ నాష్ డైరెక్టర్లలో ఒకడు, అతని మనిషి జేమ్స్ మోర్గన్ ఇంజనీరు, అప్పట్లో రాజు బదులు పాలిస్తున్న (రీజెంట్) యువరాజు పేరు పెట్టారు. 1815లో చూస్తే కంపెనీ సొమ్ము హోమరే కాజేశాడని తేలింది. దేశాంతర శిక్ష పడింది. పాడింగ్టన్ నుంచి కామ్డెన్ దాకా 1816లో, లైమ్‌హౌస్ దాకా 1820 ఆగస్టు 1న తెరిచేసరికి ఖర్చు 7,72,000 పౌండ్లు, వేసిన అంచనాకి రెట్టింపు.

రెండోది భూమి. విలియం ఆగర్ అనే లాయరు తన ఇంటి ముందునుంచి కాలవ పోవడానికి వీల్లేదని కంపెనీని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిప్పాడు. కాలవ వచ్చింది, ఆగర్ గ్రోవ్ అనే వీధి పేరూ మిగిలింది. మూడోది నీళ్ళు. కామ్డెన్ దగ్గర లాకుల బదులు నీటినీ గాలి ఒత్తిడినీ వాడి పడవని ఎత్తే యంత్రం పెట్టాలని విలియం కాంగ్రీవ్ సలహా ఇచ్చాడు. యుద్ధ రాకెట్లు చేసిన కాంగ్రీవే. నీళ్ళు ఆదా అవుతాయన్నది ఆశ. యంత్రం సరిగ్గా పనిచెయ్యలేదు, పీకేసి లాకులే కట్టారు. నీటి కరువు తీర్చడానికి తర్వాత 1835లో బ్రెంట్ నది మీద రిజర్వాయర్ కట్టాల్సొచ్చింది.

నీళ్ళకి అంత తాపత్రయం ఎందుకో లాకు పనితనం తెలిస్తే అర్థమవుతుంది. మ్యూజియంలో దీన్ని బొమ్మలతో వివరిస్తారు గానీ, అసలైనది అరకిలోమీటరు పైచిలుకు దూరంలో సెయింట్ పాంక్రస్ లాకు దగ్గర చూడొచ్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవాళ్ళకి లాకులంటే కొత్తేం కాదు. తేడా ఏంటంటే, మన దగ్గర తలుపులు తీసేది లస్కర్లనే కాలవ సిబ్బంది, ఇక్కడ పడవలో వచ్చినవాళ్ళే దిగి తీసుకోవాలి.

లాకు దగ్గర ఏం చూడాలి

కామ్డెన్ నుంచి లైమ్‌హౌస్ దాకా 12 లాకులు, దిగేది 26 మీటర్లు. ఒక్కో గది నింపి ఖాళీ చేస్తే పోయే నీళ్ళు సుమారు రెండున్నర లక్షల లీటర్లు. అవన్నీ ఎగువ నుంచి దిగువకే, తిరిగి రావు.

పడవ ఎగువకి వెళ్ళాలంటే వరస ఇది. గది ఖాళీగా ఉండాలి. దిగువ తలుపులు తెరిచి పడవ లోపలికి, వెనక తలుపులు మూత, దిగువ తూము పలకలు పూర్తిగా దించారో లేదో చూసుకోవడం. ఆ తర్వాత విండ్‌లాస్ అనే ఎల్ ఆకారపు ఇనప హ్యాండిల్‌ని పళ్ళ చక్రానికి తగిలించి తిప్పితే ఎగువ తూము పలక లేస్తుంది. నేల కిందనుంచి నీళ్ళొచ్చే తూములు ముందు, అదీ సగం. తలుపుల్లోనే ఉండే తూములైతే, గది సగం నిండాకే. ముందే ఎత్తితే ఆ ధార పడవ ముక్కు మీద పడి ముంచేస్తుంది. నీటి మట్టాలు సమానమయ్యాక తలుపు చివర ఉండే పొడుగాటి దూలాన్ని నడుముతో నెట్టాలి, చేతులతో కాదు.

తలుపులు రెండూ ఎగువ వైపుకి మొన చేసి వి ఆకారంలో మూసుకుంటాయి. ఎగువ నీరు ఎంత నెడితే అంత బిగుస్తాయి. అందుకే రెండు వైపులా మట్టం కలవకముందు పదిమంది నెట్టినా కదలవు, అంగుళం తేడా ఉన్నా సరే. నిలబడి చూస్తే కొత్తవాళ్ళెవరో ఇట్టే తెలిసిపోతారు: వాళ్ళు ముందునుంచే దూలం మీద పడి నెడుతుంటారు, అనుభవమున్నవాళ్ళు దాని మీద కూర్చుని ఉంటారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా అక్కడే కనిపిస్తుంది. గది లోపల ఎగువ తలుపుల దగ్గర గోడ మీద తెల్ల గీత, పక్కన సిల్ అని రాసి ఉంటుంది. ఎగువ తలుపుల అడుగున ఉండే అరుగు అది, గది నిండినప్పుడు నీళ్ళ కింద దాక్కుని ఉంటుంది. దిగువకి వెళ్ళే పడవ వెనక భాగం ఆ గీత దాటి ఉంటే, నీళ్ళు దిగుతుంటే వెనక అరుగు మీద ఆగిపోయి ముందు కిందికి వాలిపోతుంది. నిమిషాల్లో పడవ మునుగుతుంది. విరుగుడు ఒకటే, దిగువ తూములు వెంటనే మూసి, ఆ తర్వాత ఎగువ తూము నెమ్మదిగా ఎత్తి పడవని మళ్ళీ తేల్చడం. రెండో తప్పు మరుపు. వెళ్ళిపోతూ ఒక తూము పలక దించకపోతే తెల్లారేసరికి రెండు లాకుల మధ్య కాలవ బురద తేలి ఉంటుంది.

ఈ కాలవ మీద లాకులు మొదట్లో జంటలుగా కట్టారు, ఒకటి ఎక్కేవాళ్ళకి, ఒకటి దిగేవాళ్ళకి. రద్దీ తగ్గాక రెండో గదిని వరదనీరు పోయే కలుజుగా మార్చేశారు. సెయింట్ పాంక్రస్‌లో పక్కన నీళ్ళు దూకుతున్న గది అదే. జంట రెండూ ఇంకా పనిచేసేది కామ్డెన్‌లోని హాంప్‌స్టెడ్ రోడ్ లాకు ఒక్కచోటే.

సొరంగం సవారీ

వేసవిలో కొన్ని రోజులు మ్యూజియం పడవలో ఇజ్లింగ్టన్ సొరంగంలోకి తీసుకెళ్తారు. దీనికి విడిగా టికెట్. తేదీ కుదిరితే వదలకండి, ఎందుకంటే ఆ సొరంగాన్ని నడిచి చూసే దారి లేదు. లోపల గట్టే కట్టలేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా అవతలికి నడిపించేవాళ్ళు. పడవని మనుషులు వెల్లకిలా పడుకుని గోడ మీద కాళ్ళతో నడుస్తున్నట్టు తన్నుతూ తీసుకెళ్ళేవాళ్ళు. 878 మీటర్లు అలా. ఆలస్యాలు భరించలేక 1826లో మిగతా పడవల్ని లాగే ఆవిరి పడవ (టగ్) పెట్టారు, నీటి అడుగున వేసిన గొలుసుని పట్టి లాక్కుంటూ పోయేది. అది 1930ల దాకా పనిచేసింది, మూసిన సొరంగంలో బొగ్గు పొగతో. సొరంగం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఈ చివర నిలబడితే ఆ చివర వెలుగు చుక్కలా కనిపిస్తుంది. పడవవాళ్ళకి అది అందం కోసం కాదు: చుక్క కనబడకపోతే ఎదురుగా పడవ వస్తున్నట్టు, ఆగాలి. ఎండాకాలమైనా లోపల చల్లగా ఉంటుంది, పైనుంచి నీటి చుక్కలు పడతాయి. పల్చటి జాకెట్ చాలు.

గట్టు నడక

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మ్యూజియం వెనకే నీళ్ళు కనిపిస్తాయి గానీ అక్కణ్ణించి గట్టు మీదికి దారి లేదు. బేసిన్ కాలవకి దక్షిణాన ఉంది, నడిచే గట్టు ఉత్తరాన. మళ్ళీ వీధిలోకొచ్చి కాలిడోనియన్ రోడ్డు వంతెన దగ్గర దిగాలి. దిగి తూర్పుకి చూస్తే సొరంగం నోరు దగ్గర్లోనే. అది చూసి పడమరకి తిరగండి, కామ్డెన్ సుమారు రెండున్నర కిలోమీటర్లు. నీళ్ళకి అవతలి గట్టున బేసిన్ నోరు, గాజు గోడల కింగ్స్ ప్లేస్ కనిపిస్తాయి.

యార్క్ వే వంతెన దాటాక మెట్ల మీద జనం కూర్చునే చోటు గ్రానరీ స్క్వేర్. వెనకున్న పెద్ద ఇటుకల భవనం 1852లో లూయిస్ క్యూబిట్ కట్టిన ధాన్యం గోదాం. రైళ్ళలో వచ్చిన గోధుమలు అక్కడే పడవల్లోకి దిగేవి. పిల్లలు ఫౌంటెన్లలో తడుస్తున్న స్థలం ఒకప్పుడు పడవలు ఆగే నీళ్ళ తొట్టి, పూడ్చేశారు. పక్కనే బొగ్గు దింపే షెడ్లు 2018 నుంచి షాపింగ్ మాల్. ధరలు చూసి కాఫీ ఇక్కడ తాగాలా వద్దా నిర్ణయించుకోండి, గట్టు మీద బెంచీలు ఉచితం. సెయింట్ పాంక్రస్ లాకు దగ్గర గ్యాస్ ట్యాంకుల ఇనప చట్రాల్లో ఇప్పుడు ఫ్లాట్లు. అవతలి ఒడ్డున పాత బొగ్గు యార్డులో 1985లో తెరిచిన క్యామ్లీ స్ట్రీట్ నేచురల్ పార్క్.

అక్కణ్ణించి నేల వైపు చూస్తూ నడవండి. వంతెనల కింద మూలల్లో ఇనప పట్టీలుంటాయి. వాటి మీద వేలు పెట్టి చూస్తే లోతైన గాడులు తగుల్తాయి. అవి గుర్రాలు పడవల్ని లాగిన తాడు కోసినవి. తడిసిన తాడుకి ఇసుక అంటి, రోజూ పదుల పడవలు, ఏళ్ళ తరబడి అదే మూలన ఒరుసుకుంటే ఇనుము కూడా అరుగుతుంది. ఇటుక మీద నేరుగా ఒరుసుకుంటే వంతెన మూలలే కోసుకుపోయేవి, అందుకే పట్టీ. గట్టు అంచు నుంచి నీళ్ళలోకి ఏటవాలుగా దిగే రాళ్ళ దారులు అక్కడక్కడా కనిపిస్తాయి. పక్కన రైలు కూత పెడితే బెదిరి కాలవలో పడిన గుర్రాల్ని ఎక్కించడానికి కట్టినవి. గోడలు నిట్టనిలువు కాబట్టి గుర్రం తనంతట తాను ఎక్కలేదు. గుర్రాల బదులు ట్రాక్టర్లు 1950లలో వచ్చాయి, 1960ల చివరికి సరుకు రవాణాయే ఆగిపోయింది. గట్టు కింద ఇప్పుడు ఇంకో రవాణా నడుస్తోంది: 1979లో వేసిన 4,00,000 వోల్టుల కరెంటు కేబుళ్ళు. వాటిని చల్లార్చేది ఈ కాలవ నీళ్ళే. మంచుకి దారిచ్చిన నీళ్ళు కరెంటు తీగల వేడి మోస్తున్నాయన్నమాట.

ఇబ్బందులు రెండు. సైకిళ్ళు: గట్టు ఇరుకు, ఆఫీసు వేళల్లో వేగంగా వస్తాయి. నియమం ప్రకారం నడిచేవాళ్ళకే ముందు దారి, కానీ వంతెన కింద మలుపులో నియమం గుర్తుంచుకునే తీరిక ఎవరికీ ఉండదు. గంట మోత వింటే గోడ వైపు జరగండి, నీళ్ళ వైపు కాదు. పిల్లల్ని లోపలి వైపు నడిపించండి, అంచుకి రెయిలింగ్ ఉండదు. రెండోది శనివారం మధ్యాహ్నం కామ్డెన్. లాకు తలుపులు చూడటానికి కూడా సందు దొరకదు. వారం మధ్యలో పొద్దున్నే మ్యూజియం చూసి, భోజనం వేళకి గట్టెక్కితే హాయి.

కామ్డెన్‌లో ఆగిపోకుండా ఇంకో రెండు కిలోమీటర్లు నడిచే ఓపిక ఉంటే, జంతు ప్రదర్శనశాల మధ్యనుంచి కాలవ పోతుంది. దాని తర్వాత చెట్ల నీడలో మాక్లెస్‌ఫీల్డ్ వంతెన. 1874 అక్టోబరు 2న తెల్లవారుజామున ఆవిరి టగ్ లాగుతున్న పడవల వరసలో టిల్‌బరీ అనే బార్జీ సరిగ్గా దీని కింద పేలింది. అందులో దాదాపు అయిదు టన్నుల తుపాకి మందు, దాంతోపాటు పెట్రోలియం. పడవలో ఉన్న ముగ్గురు చనిపోయారు, వంతెన కూలింది. ఊరివాళ్ళు ఇప్పటికీ దాన్ని బ్లో అప్ బ్రిడ్జ్ అనే అంటారు. కోల్‌బ్రుక్‌డేల్‌లో పోతపోసిన ఇనప స్తంభాలు మాత్రం విరగలేదు. తిరిగి కట్టేటప్పుడు వాటినే నిలబెట్టారు, కాకపోతే నీళ్ళ వైపున్నది వెనక్కి పోయేలా తిప్పి. స్తంభం పైన కోల్‌బ్రుక్‌డేల్ అనే అక్షరాలు చూసి, నీళ్ళ వైపు తాడు గాడుల్ని తడిమి, తర్వాత స్తంభం వెనక్కి చెయ్యి పోనివ్వండి. నీళ్ళకి దూరంగా, ఏ తాడూ తగలడానికి వీల్లేని ఆ వైపున కూడా గాడులుంటాయి. అవి 1874కి ముందువి.